చరిత్ర రాయడానికి పట్టా కావాలా? సెబాస్టియన్ హాఫ్నర్ సంగతి చూడండి

హైదరాబాద్‌లో నాలుగేళ్లు రిపోర్టరుగా చేసి, ఇప్పుడు జర్మనీలో మాస్టర్స్ చదువుతున్నానన్నారు. మీరు అడిగింది మూడు ముక్కలు: "పరాయి దేశంలో, మనది కాని భాషలో, రాత మీద బతకగలమా సార్? చరిత్రలో డిగ్రీ లేని పత్రికలవాడు చరిత్ర రాస్తే ఎవరైనా ఖాతరు చేస్తారా? అలా చేసిన జర్మన్ ఒకరి గురించి వివరంగా చెప్పండి." మూడోదానికి జవాబు చెబితే మొదటి రెండూ అందులోనే తేలిపోతాయి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నా సంగతి ఒక ముక్క. ముప్పై ఏళ్లు తెలుగు దినపత్రికల డెస్కుల్లో, అందులోనూ ఎక్కువకాలం విదేశీ వార్తల పేజీ దగ్గర కూర్చున్నవాణ్ణి. ఏజెన్సీ కాపీ తెలుగు చేయడం, దాన్ని జిల్లాలో టీకొట్టు దగ్గర పేపరు చదివే మనిషికి అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగం. ఆ బాధ పడ్డవాణ్ణి కాబట్టే హాఫ్నర్ నాకు అంతగా నచ్చాడు అనుకుంటాను.

హిట్లర్ రోజుల్లో జర్మనీ వదిలి బయట దేశాల్లో రాసిన జర్నలిస్టులు తక్కువమందేమీ కాదు. మ్యూనిక్‌లో నాజీ పార్టీ పెరగడం కళ్లారా చూసి వార్తలు రాసిన కొన్రాడ్ హైడెన్ అమెరికా చేరి, 1944లో హిట్లర్ జీవితచరిత్ర తెచ్చాడు. అదీ పెద్ద పనే. కాని మీ ప్రశ్నకు అచ్చంగా సరిపోయేవాడు హాఫ్నర్. ఆయన వెళ్లాడు, పరాయి భాషలో నిలబడ్డాడు, మళ్లీ ఇంటికొచ్చాడు, వచ్చాక సొంత భాషలో చరిత్ర రాశాడు.

అసలు పేరు రైముండ్ ప్రెట్జెల్. 1907 డిసెంబర్ 27న బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి పంతులు, విద్యా సంస్కరణల మనిషి, తర్వాత జర్మనీలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా ప్రభుత్వంలో పెద్ద అధికారి. ఇంట్లో పుస్తకాలు, క్రమశిక్షణ, నెలజీతం. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు పిల్లవాడికి ఆరేళ్లు దాటి ఏడో ఏడు. పోలీస్ స్టేషన్ దగ్గర అంటించే సైన్యం బులెటిన్లు చదవడానికి రోజూ పరిగెత్తేవాడు. మనవాళ్లు ఎంతమంది బందీలను పట్టారు, ఎన్ని కోటలు పడ్డాయి అని, మన పిల్లలు క్రికెట్ స్కోరు చూసుకున్నట్టు చూసుకునేవాడు. ముప్పై ఏళ్లు వచ్చాక దీన్నే పట్టుకుని ఒక మాట అన్నాడు: నాజీయిజానికి బలం కందకాల్లో తుపాకీ పట్టినవాళ్ల నుంచి రాలేదు, యుద్ధాన్ని ఆటలా ఆడుకున్న ఈ బడిపిల్లల తరం నుంచి వచ్చింది. ఎంతవరకు ఒప్పుకోవాలో మీ ఇష్టం. తన చిన్ననాటి సరదాని సాక్ష్యంగా బోనెక్కించడం మాత్రం అందరికీ చేతనయ్యే పని కాదు.

1923 నాటి ధరల పిచ్చి గురించి ఆయన రాసిన పేజీలు నాకు ఇంకా ఇష్టం. ఆ ఏడాది జర్మనీలో డబ్బు విలువ గంటగంటకూ పడిపోయింది. తండ్రి జీతం చేతికి రాగానే మొదట చేసే పని నెల రైలు పాసు కొనడం, ఆఫీసుకు వెళ్లి రావడానికి. తర్వాత అద్దె, బడి ఫీజు కట్టేయడం. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ క్షవరం చేయించుకోవడం. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికో అయిదింటికో లేచి టోకు బజారుకు వెళ్లి, చెడిపోని తిండి సరుకులన్నీ ఒక్క గంటలో కొనేయడం. అంతే, నెలజీతం అయిపోయింది. మళ్లీ జీతం వచ్చేదాకా ఇంట్లో పైసా ఉండదు. ఇందులో శాతాల్లేవు, పట్టికల్లేవు. కాని పెద్ద అధికారి ఇల్లే ఇలా ఉంటే మిగతావాళ్ల గతేమిటో మనకు అర్థమైపోతుంది. రిపోర్టర్ అంటే ఇదే కదా, మీకు నేను చెప్పాలా!

చదివింది లా. మీరు తేలిగ్గా వదిలేయకూడని సంగతి ఇది. మన సురవరం ప్రతాపరెడ్డి గారు కూడా మద్రాసులో లా చదివినవారే. గోలకొండ పత్రిక నడిపారు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ అవార్డు ఆ పుస్తకానికే వచ్చింది. కాబట్టి పత్రికలవాడు చరిత్ర రాయొచ్చా అన్న ప్రశ్నకు జర్మనీ దాకా వెళ్లనక్కర్లేదు, నల్లకుంటలో ఏ పాత పుస్తకాల ప్రేమికుణ్ణి అడిగినా చెబుతాడు. లా చదివినవాడికి ఒక అలవాటు అబ్బుతుంది: ఒకేలా కనిపించే రెండు నేరాలను వేర్వేరు సెక్షన్లలో పెట్టడం. హాఫ్నర్ పుస్తకాలన్నీ ఈ అలవాటు మీదే నడుస్తాయి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

1933 మార్చి ఆఖరు. యూదుల దుకాణాలను బహిష్కరించాలని నాజీలు నిర్ణయించిన రోజుకు ముందురోజు. బెర్లిన్ పెద్దకోర్టు లైబ్రరీలో ఈ పాతికేళ్ల ట్రైనీ లాయరు ఫైళ్లు చదువుకుంటున్నాడు. కింద బూట్ల చప్పుడు, అరుపులు. గోధుమరంగు చొక్కాల నాజీ మూక లోపలికొచ్చింది. యూదు లాయర్లు, జడ్జీలు లేచి వెళ్లిపోవాలి. ఒకడు ఈయన బల్ల దగ్గర ఆగి, నువ్వు ఆర్యుడివేనా, అంటే యూదుడివి కాదు కదా, అని అడిగాడు. అవును అన్నాడు. వాడు ముక్కు వంక చూసి వెళ్లిపోయాడు. ఒక్క క్షణం తర్వాత సిగ్గుతో ముఖం కాలిపోయిందట. చెప్పింది అబద్ధం కాదు, నిజమే. అడగడానికి వాడెవడు, జవాబు చెప్పడానికి నేనెవణ్ణి అన్నది ఆ సిగ్గు. తనకు దెబ్బ తగలలేదు, జైలు లేదు, ఉద్యోగం కూడా పోలేదు. ఆ చిన్న "అవును" కింద ఒక దేశం ఎలా లొంగిపోయిందో చూపించాడు. నేను చదివిన వెయ్యి పేజీల చరిత్రలు కొన్ని ఈ నాలుగు పేజీలంత చెప్పలేకపోయాయి.

అదే ఏడాది, చివరి పరీక్షకు కూర్చోవాలంటే ట్రైనీ లాయర్లంతా యూటర్‌బోగ్ దగ్గర శిబిరంలో కవాతు చేయాలన్నారు. చేశాడు. జడ్జీ అవుదామన్న కోరిక మాత్రం చచ్చిపోయింది. ఎక్కడ తప్పు మాట దొర్లదో వెతుక్కుని మరీ ఫ్యాషన్ పత్రికలకూ, కాలక్షేపం పేజీలకూ రాయడం మొదలుపెట్టాడు. పత్రికా జీవితం అలా గౌనులూ టోపీల మధ్య మొదలైంది. మీలో ఎవరైనా సినిమా పేజీలో, ఫ్యామిలీ పేజీలో పడి ఏడుస్తుంటే ఇది గుర్తుంచుకోండి.

ఆయన ప్రేమించిన ఎరికా యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. ఆవిడ ముందే ఇంగ్లండ్ వెళ్లింది. పత్రిక పని మీద వెళ్తున్నట్టు చెప్పి 1938 ఆగస్టులో ఈయనా వెళ్లాడు, వెనక్కి రాలేదు. అప్పటికి ముప్పై ఏళ్లు. ఇంగ్లీషు అంతంతమాత్రం. జర్మన్ లా పట్టా లండన్‌లో చిత్తు కాగితం.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది, జాగ్రత్తగా చదవండి. ఇంగ్లీషు పట్టుబడేదాకా ఆగుదామని ఆయన కూర్చోలేదు. జర్మన్‌లోనే రాశాడు. ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ అనే లండన్ ప్రచురణకర్త అండతో తన కథ రాయడం మొదలుపెట్టాడు. ఇంతలో 1939 సెప్టెంబర్, యుద్ధం. ఇప్పుడు నా కథ ఎవరిక్కావాలి, శత్రువెవరో చెప్పే పుస్తకం కావాలి అని, ఆ రాతప్రతిని సగంలో ఆపేసి, 'జర్మనీ: జెకిల్ అండ్ హైడ్' రాశాడు. అదీ జర్మన్‌లోనే రాశాడు, ఇంకొకరు ఇంగ్లీషు చేశారు, 1940లో వచ్చింది. జర్మనీలో ఉన్న తనవాళ్ల మీదికి హిట్లర్ రహస్య పోలీసు గెస్టపో వెళ్లకుండా పేరు మార్చుకున్నదీ ఇప్పుడే. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ నుంచి సెబాస్టియన్, మోజార్ట్ హాఫ్నర్ సింఫనీ నుంచి హాఫ్నర్. హిట్లర్ చేతిలో పడని జర్మనీ ఏదైనా మిగిలి ఉంటే అది సంగీతమే అనుకున్నాడేమో. అది నా ఊహ.

ఆ పుస్తకం ఎలా కట్టాడో చూడండి. లండన్ పాఠకుడికి జర్మన్లంటే రెండే రకాలు: అందరూ నాజీలే, లేదా పాపం అందరూ బాధితులే. హాఫ్నర్ ఒక్కో వర్గానికి ఒక్కో అధ్యాయం రాశాడు. హిట్లర్ ఒకడు. నాజీ నాయకులు వేరు. మామూలు నాజీలు వేరు. నాజీలు కాకపోయినా విధేయంగా ఉండే జనం వేరు, లోపల్లోపల ఒప్పుకోని జనం వేరు, ప్రతిపక్షం వేరు, వలస వచ్చినవాళ్లు వేరు. ఎవరితో ఎలా మాట్లాడాలో, ఎవరు ఎక్కడ వంగుతారో, ఎవరు వంగరో విడివిడిగా చెప్పాడు. హిట్లర్ ఓడిపోతే లొంగిపోడు, తన్ను తాను చంపుకుంటాడు అని 1940లోనే రాశాడు. ఇది జోస్యం కాదు. మనిషిని చూసి రాసిన రిపోర్టు.

నా ఉద్దేశం ఇది: హాఫ్నర్‌ని చరిత్రకారుణ్ణి చేసింది లైబ్రరీ కాదు, ఏమీ తెలియని పాఠకుడు. బెర్లిన్‌లో ఉండిపోయి బెర్లిన్‌వాళ్లకే రాసి ఉంటే, అందరికీ తెలిసినవని సగం సంగతులు వదిలేసేవాడు. ఆ వదిలేసిన సగంలోనే అసలు కారణాలు దాక్కుంటాయి. లండన్‌లో ప్రతిదీ మొదటినుంచి విప్పి చెప్పాల్సి వచ్చింది. అలా విప్పి చెబుతుంటే తనకే తన దేశం కొత్తగా కనిపించింది.

ఇంత మేలు చేసే పుస్తకం రాసినవాణ్ణి ఇంగ్లండ్ ఏం చేసింది? పుస్తకం వచ్చిన ఏడాదే శత్రుదేశీయుడివని నిర్బంధ శిబిరంలో పెట్టింది. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన వేలమంది యూదులకూ అదే గతి పట్టిన రోజులవి. ఆగస్టులో వదిలేశారు. వీసా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మీకు ఈ భాగం వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత లండన్‌లో వలస జర్మన్ల కోసం బ్రిటిష్ ప్రభుత్వ అండతో నడిచిన 'డీ త్సైటుంగ్' అనే పత్రికలో కొంతకాలం. 1942లో అబ్జర్వర్. అక్కడ డేవిడ్ ఆస్టర్ అనే యువకుడు పత్రికకు కొత్త రూపం ఇస్తున్నాడు. బయటినుంచి వచ్చిన బుర్రలను వెతికి పట్టుకోవడం అతని నేర్పు. పోలండ్ నుంచి వచ్చిన ఐజాక్ డాయిషర్, జార్జ్ ఆర్వెల్, ఈ హాఫ్నర్, అందరూ ఆ పేజీల్లో రాశారు. నాలుగేళ్ల కింద ఇంగ్లీషులో తడబడిన మనిషి ఇంగ్లండ్‌లో పేరున్న వారపత్రికకు విదేశాంగ వ్యాసాలూ, తర్వాత సంపాదకీయాలూ రాసే స్థితికి వచ్చాడు. 1948లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. ఇంగ్లీషు వ్యాసం ఆయన జర్మన్‌ని కూడా మార్చేసింది. జర్మన్ పండితుల వాక్యం మీకిప్పుడు అనుభవమే: క్రియ కోసం పేరా చివరిదాకా నడవాలి. హాఫ్నర్ వాక్యం అలా ఉండదు. చిన్నది, తిన్నగా పోతుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు.

1954లో ఆస్టర్‌తో అభిప్రాయభేదాలు ముదిరి, అబ్జర్వర్ విలేకరిగానే బెర్లిన్ చేరాడు. పదహారేళ్ల తర్వాత సొంతూరికి విదేశీ విలేకరిగా రావడం! యుద్ధం తర్వాత జర్మనీ రెండుగా చీలింది; తన జనం పశ్చిమానికి పారిపోకుండా తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వం కట్టించిన బెర్లిన్ గోడ 1961 ఆగస్టులో లేచింది. పశ్చిమ దేశాలు చేతులు ముడుచుకు కూర్చున్నాయని హాఫ్నర్ మండిపడ్డాడు, పత్రిక అంత మండిపడలేదు. మానేశాడు.

అక్కడినుంచి ఆయన ఉద్యోగాల చిట్టా చూస్తే మీ ఇంట్లో పెద్దలు కంగారు పడతారు. ష్ప్రింగర్ సంస్థవారి 'డీ వెల్ట్' కుడిపక్షం పత్రిక, అందులో రాశాడు. 1962 అక్టోబర్‌లో 'ష్పీగెల్' పత్రిక ఆఫీసుల మీద పోలీసులు పడి, దేశద్రోహం కేసు పెట్టి, యజమాని ఆగ్‌స్టైన్‌ని జైల్లో వేశారు. హాఫ్నర్ పత్రికాస్వేచ్ఛ పక్షాన నిలబడి ప్రభుత్వాన్ని కడిగేశాడు. డీ వెల్ట్‌తో చెడింది. 'ష్టెర్న్' వారపత్రికకు మారి 1975 దాకా అక్కడ కాలమ్ రాశాడు. గోడ కట్టినప్పుడు తూర్పు జర్మనీ మీద పళ్లు నూరినవాడు, పదేళ్లు తిరక్కుండా ఆ దేశాన్ని గుర్తించి మాట్లాడాలని, పశ్చిమ జర్మనీ నాయకుడు విల్లీ బ్రాంట్ విధానం సరైనదని వాదించాడు. పూటకో మాట అని తిట్టినవాళ్లున్నారు. నాకలా అనిపించదు. గోడ ఉంది, కూలదు అన్న వాస్తవం నుంచి కొత్తగా లెక్క వేశాడు, లెక్క మారింది.

అయితే తొందరపాటు లేదనను. 1967 జూన్ 2న పశ్చిమ బెర్లిన్‌లో ఇరాన్ షా రాకకు నిరసన తెలుపుతున్న విద్యార్థుల్లో బెన్నో ఓనెజోర్గ్‌ని ఒక పోలీసు కాల్చి చంపాడు. పోలీసులు ముందే పన్నాగం పన్ని చేసిన దాడి అన్న ధోరణిలో హాఫ్నర్ నిప్పులు కక్కాడు. ఆ కాల్చినవాడు తూర్పు జర్మనీ రహస్య పోలీసు ష్టాజీకి లోపాయికారీగా పనిచేసినవాడని 2009లో పాత ఫైళ్లలో బయటపడింది. హాఫ్నర్ చనిపోయి అప్పటికి పదేళ్లు. కాల్చమని ఎవరో చెప్పారనడానికి రుజువు లేదు, నిరసనకారులను చావగొట్టిన మాటా అబద్ధం కాదు. కాని డెడ్‌లైన్‌కు రాసిన తీర్పు కింద ఎప్పుడూ ఒక తలుపు తీసిపెట్టి ఉంచాలి. ఆయన ఉంచడు. ఆయన రాతకు అందం అదే, లోపమూ అదే.

చరిత్ర పుస్తకాలు దాదాపు అన్నీ యాభై దాటాక వచ్చినవే. 1967లో చర్చిల్ మీద చిన్న పుస్తకం. 1969లో, చక్రవర్తి పాలన పోయిన 1918-19 జర్మన్ విప్లవం మీద, సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఎబర్ట్ తనను నమ్మిన విప్లవానికే ద్రోహం చేశాడన్న పుస్తకం. ఇది చదివితే ప్రాసిక్యూటర్ వాదన విన్నట్టుంటుంది, ముద్దాయి లాయరు ఆ రోజు కోర్టుకు రాలేదేమో అనిపిస్తుంది. 1979లో ప్రష్యా మీద.

వీటన్నిటికీ తలమానికం 1978 నాటి 'ఆన్‌మెర్కుంగెన్ త్సు హిట్లర్', అంటే హిట్లర్ గురించి కొన్ని మాటలు. అయిదేళ్ల ముందు, 1973లో, మరో జర్నలిస్టు యోఆఖిం ఫెస్ట్ హిట్లర్ మీద వెయ్యి పేజీలకు పైబడిన గ్రంథం తెచ్చాడు. హాఫ్నర్ది సుమారు ఇన్నూరు పేజీలే. ఏడు అధ్యాయాలు: జీవితం, సాధనలు, విజయాలు, భ్రమలు, తప్పిదాలు, నేరాలు, ద్రోహం. లా చదివిన అలవాటు అన్నానే, ఇదిగో. సాధన వేరు, విజయం వేరు. 1933లో 60 లక్షలమంది నిరుద్యోగులుంటే 1936కల్లా దాదాపు అందరికీ పని దొరికింది. దాన్ని సాధనల కింద రాశాడు, మొహమాటపడలేదు. అది దాచేస్తే జనం ఎందుకు వెంటపడ్డారో ఎప్పటికీ అర్థం కాదు. విజయాలన్నీ అప్పటికే కుళ్లి ఒరిగిపోతున్న ప్రత్యర్థుల మీద వచ్చినవే, గట్టివాడు ఎదురైనచోట ఒక్కటీ రాలేదు అంటాడు. నేరాలను కూడా యుద్ధంలో జరిగే అకృత్యాల కుప్పలో కలపనివ్వడు. యుద్ధానికి ఏ రకంగానూ పనికిరాని హత్యాకాండ అది, దాన్ని విడిగా చూడాలి అంటాడు.

ఆ పుస్తకంలో నేను మళ్లీ మళ్లీ తిరగేసేది 1941 డిసెంబర్ గురించి. మాస్కో ముందు సోవియట్ సైన్యం ఎదురుదాడికి దిగింది. ఆ వారంలోనే, డిసెంబర్ 11న, హిట్లర్ తనంతట తానే అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. ఎందుకు? గెలవలేనని తేలాక, రెండో లక్ష్యమైన యూదుల నిర్మూలనకు టైము కొనుక్కోవడమే మిగిలిందని, అప్పటినుంచి యుద్ధం ఆ పని కోసమే సాగదీశాడని హాఫ్నర్ వాదన. ఆఖరి అధ్యాయం మరీ కరుకు. 1945 మార్చి 19న జర్మనీలోని వంతెనలు, కార్ఖానాలు అన్నీ పేల్చేయమన్న ఉత్తర్వును చూపించి, చివరికి హిట్లర్ ద్రోహం చేసింది జర్మన్లకే అన్నాడు. యూనివర్సిటీ చరిత్రకారులు ఈ వాదనల్లో కొన్నిటిని ఒప్పుకోరు; హిట్లర్ ఒక్కడి బుర్రలోంచే అంతా వచ్చినట్టు రాశాడని, కింద నడిచిన యంత్రాంగాన్ని తక్కువ చేశాడని అనడం న్యాయమే. ఈ పుస్తకంలో ఫుట్‌నోట్ల బరువు లేదు, కొత్తగా తవ్వితీసిన పత్రాలూ లేవు. పాత సంగతులే. వాటిని పెట్టిన వరుస కొత్తది. ఖాతరు చేశారా అంటే, జర్మనీలో అది జనం ఎగబడి కొన్న పుస్తకం. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: కొత్త పత్రం తెస్తే ప్రొఫెసర్లు ఖాతరు చేస్తారు, కొత్త వరుస పెడితే జనం ఖాతరు చేస్తారు. రెండోదానికి పట్టా అడగరు. ఆ వరుస పెట్టడానికి ఆయనకు నలభై ఏళ్లు పట్టిందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

1987లో 'బిస్మార్క్ నుంచి హిట్లర్ దాకా' వచ్చింది. రెండు జర్మనీలు మళ్లీ ఒక్కటవుతాయన్న ఆశ ఆ పుస్తకంలో కనబడదు. రెండేళ్లకే, 1989లో, గోడ పడింది. ఆ రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. మన టైము ప్రకారం పదకొండున్నర దాటాక మొదటి ఫ్లాష్ వచ్చింది, జిల్లా ఎడిషన్లు అప్పటికే వెళ్లిపోయాయి. మర్నాటికి "కూలిన బెర్లిన్ గోడ" అని హెడ్డింగు పెట్టాను, మహా గర్వంగా. వారం తర్వాత పాఠకుడొకాయన పోస్టుకార్డు రాశాడు: గోడ కూలినప్పుడు కింద ఎంతమంది పడ్డారు, నష్టపరిహారం ఎంత ప్రకటించారు? డెస్కంతా నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. ఆ గోడ ఎందుకుందో నేను ఒక్క లైను కూడా రాయలేదు. ఊరి మధ్య గోడ ఏమిటి, అటు ఎవరు, ఇటు ఎవరు అన్నది అందరికీ తెలుసనుకున్నాను. హాఫ్నర్ లండన్‌లో మొదటి రోజునే నేర్చుకున్న పాఠం నాకు పోస్టుకార్డు మీద వచ్చింది.

ఆయన 1999 జనవరి 2న బెర్లిన్‌లో పోయాడు. 1939లో సగంలో ఆపేసిన ఆ రాతప్రతి ఇంట్లో కాగితాల్లో అలాగే పడి ఉంది. 2000లో కుటుంబం అచ్చు వేయించింది. ఇంగ్లీషులోకి కొడుకే అనువదించాడు. కోర్టు లైబ్రరీ, టోకు బజారు, బులెటిన్లు, నేను పైన చెప్పినవన్నీ అందులోవే. ఇంత ముందుచూపు 1939లో ఎలా సాధ్యం, ముసలితనంలో దిద్ది రాసి ఉంటాడని కొందరు అనుమానపడ్డారు. ప్రభుత్వ నేరపరిశోధన నిపుణులు రాతప్రతిని పరీక్షించి ఆ కాలందేనని తేల్చారు. ఎవరూ చదవని ఆ సగం పుస్తకమే ఇప్పుడు ఆయన పేరు చెబితే ఎక్కువమందికి గుర్తొచ్చేది.

జర్మన్ భాషలో మధ్యస్థాయి బీ1 పరీక్ష అయిపోయిందన్నారు కాబట్టి దాన్ని జర్మన్‌లోనే మొదలుపెట్టండి, 'గెషిష్టె ఐనెస్ డాయిచెన్', అంటే ఒక జర్మన్ కథ, అన్న పేరుతో దొరుకుతుంది. 1923 అధ్యాయంతో మొదలెడితే భాష పెద్దగా అడ్డురాదు. హిట్లర్ పుస్తకం తర్వాత.

ఇంకొక పని కూడా చేయండి. మీరు హైదరాబాద్‌లో కవర్ చేసిన వార్తల్లో ఒకటి తీసుకోండి. ఏ ధర్నానో, ఏ చెరువు గొడవో. మీ హాస్టల్లో పక్కగది కుర్రాడికి, తెలంగాణ అనే మాటే ఎప్పుడూ వినని వాడికి, రెండు పేజీల్లో తెలుగులో రాయండి. తర్వాత దాన్ని మీరే జర్మన్ చేసి వాడి చేత చదివించండి. వాడు ఎక్కడెక్కడ ఆగి "అదేంటి?" అని అడిగాడో మార్జిన్లో గుర్తు పెట్టుకుని, ఆ కాగితం నాకు పంపండి.